ఆబోతు బాడుగ

బాధ్యత లేకుండా ఊరి మీద పడి తిరిగే మగవాణ్ణి తిట్టడానికి తెలుగులో ఒక మాట ఉంది: అచ్చోసిన ఆంబోతు. ఆ అచ్చు ఏమిటో, ఎవరు వేశారో, ఎందుకు వేశారో తిట్టేవారిలో చాలామందికి తెలియదు. తెలిస్తే ఆ మాట తిట్టుగా పనికిరాకుండా పోతుంది. ఎందుకంటే అచ్చు వేసిన ఆబోతు పని లేని జంతువు కాదు. ఊరందరి పనీ చేసిపెట్టే జంతువది. దాని కూలి కూడా ఊరందరూ ఇచ్చేవారు. ఆ కూలి గురించే ఈ టపా.

కొద్ది నెలల క్రితం ఒంగోలుకు దగ్గరలోని మా మేనమామగారి ఊరు వెళ్ళినప్పుడు అక్కడ ఆబోతు బాడుగ మీద ఒక తగువు నడుస్తోంది. పట్నంలో ఈ సంగతి చెబితే మిత్రులు నవ్వారు. "ఆబోతును అద్దెకివ్వడమా?" అని ఒకరు, "ఇంకా అలాంటివి ఉన్నాయా, సూది వేయిస్తే సరిపోదా?" అని మరొకరు. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. "ఎదకు వచ్చిన ఆవును తోలుకొస్తే డబ్బు పుచ్చుకోవడమా? ఛీ!" అన్నారు. ఈ మూడు మాటల్లోనూ నన్ను ఆలోచింపజేసింది ఆ ఛీత్కారమే. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

పోయిన పెద్దల పేరిట పదకొండో రోజున ఒక కోడెను ఎంచి, దాని ఒంటి మీద ఒక పక్క త్రిశూలం, మరో పక్క చక్రం గుర్తులు వేసి స్వేచ్ఛగా వదిలిపెట్టే కర్మకు వృషోత్సర్గం అని పేరు. విష్ణుస్మృతిలో 86వ అధ్యాయం మొత్తం దీని గురించే. అందులో నాకు ఆశ్చర్యం కలిగించినది మంత్రభాగం కాదు, కోడెను ఎంచుకొనే పద్ధతి. దాని తల్లి పాడి ఆవు అయి ఉండాలి. ఆ తల్లికి పుట్టిన దూడలు బతికి ఉండాలి. కోడెకు లక్షణాలన్నీ కుదరాలి, అది మందను కాపాడగలిగినదై ఉండాలి. నేటి పశుసంవర్ధక క్షేత్రాల్లో విత్తనపు కోడెను ఎంచేటప్పుడు కూడా మొదట విప్పేది తల్లి పాల లెక్కల పుస్తకమే. పరలోకం సంగతి నాకు తెలియదు గానీ, ఊళ్ళో ఆవులన్నింటికీ మంచి కోడె దొరికే ఏర్పాటు ఒకటి శ్రాద్ధవిధిలో ఇమిడి ఉందన్నది మాత్రం స్పష్టం.

మరి అలా వదిలిన కోడె ఏం తిని బతుకుతుంది? దీనికి జవాబు మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఉంది. (మనువు పేరెత్తగానే కొందరు మిత్రులకు కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడ నాకు ఆయనతో ఉన్న పని గొడ్ల మటుకే.) చేలో పడి మేసిన పశువుకు ఎంత దండుగ వేయాలో చెబుతూ, మూడింటికి మినహాయింపు ఇచ్చాడు: ఈని పది రోజులు దాటని ఆవు, వదిలిన వృషభం, దేవుడి పేర విడిచిన పశువు. వెంట కాపరి ఉన్నా లేకున్నా వీటికి దండుగ లేదు. మన ఊళ్ళల్లో ఈ మాట పుస్తకం చదవకుండానే అమలయింది. చేలో పడిన ఏ గొడ్డునైనా బందెలదొడ్డికి తోలేవారు, అచ్చువేసిన ఆబోతును మాత్రం చేతికర్రతో అదిలించి పక్క చేలోకి పంపేవారు. ఆ పక్క చేనివాడు మరో చేలోకి. అలా ఊరంతా తిరిగి మేసిన మేతే దాని జీతం.

అంటే ఊరి ఆబోతు సేవ ఉచితమని మనం అనుకొనేది భ్రమ. రొక్కం చేతులు మారలేదు, అంతే. జొన్నచేలో నాలుగు బారల మేర నష్టపోయిన రైతు ఆ ఏడు తన వంతు బాడుగ చెల్లించినట్టే లెక్క. ఈ లెక్క అందరికీ సమానంగా పడేదని కూడా నేను అనను. ఊరి మధ్యన పది ఎకరాల ఆసామికి నాలుగు బారల చేను ఒక లెక్కలోది కాదు. ఊరి చివర అరెకరం కౌలుకు చేసేవాడికి, ఇంట్లో ఆవే లేనివాడికి, అదే మేత పెద్ద దెబ్బ. పైగా వాడు ఆబోతును గట్టిగా అదిలించాలన్నా భయపడాలి, అది పెద్దింటివారి పోయిన పెద్దాయన పేర వదిలినది మరి. పాత ఏర్పాటును తలచుకొని నిట్టూర్చేవారు ఈ సంగతి మరచిపోతారు.

ఇక ఆ ఛీత్కారం మాట. దాని వేరు కూడా మనువు దగ్గర దొరుకుతుంది. తొమ్మిదో అధ్యాయంలో బీజం గొప్పదా, క్షేత్రం గొప్పదా అన్న చర్చ వస్తుంది. అక్కడ ఆయన విషయం మనుషుల సంతానం, పశువులు ఉదాహరణ మాత్రమే. పరుల ఆవులకు ఒక వృషభం నూరు దూడలను కలిగించినా ఆ దూడలు ఆవుల యజమానులవే, వృషభం చేసినది దాని యజమానికి వృథాయే అన్నాడు. బీజానికి హక్కు లేదన్నమాట. హక్కు లేనిదానికి వెల కూడా లేదని మనవాళ్ళు తీర్మానించుకున్నారు. ఒంగోలు సీమలో ఊరివారు చందాలు వేసుకొని, పశువుల మంచీచెడూ తెలిసిన నలుగురిని పంపి, మేలైన కోడెను కొనితెచ్చి ఊరికి వదలడం చాలాకాలం సాగింది. ఒంగోలు జాతికి ప్రపంచమంతటా పేరు రావడానికి ఆ నలుగురి కళ్ళే కారణమని నా నమ్మకం. ఏ ఒక్కరికీ సొంతం కాని ఆ కోడె మీద ఒక్కరూ డబ్బు చేసుకోలేదు. అలాంటి చోట ఒకడు తన కోడెను కట్టేసి, ఆవును తెచ్చినవాడి ముందు చెయ్యి చాపితే చీదరింపే ఎదురవుతుంది.

అయితే ఆ ఊరు ఇప్పుడు లేదు. బీడు భూములు సాగులోకి వచ్చాయి. ఏడాదికి ఒక పంట పండిన చోట రెండు, మూడు వచ్చాయి. ట్రాక్టరు వచ్చాక కోడెదూడను పెంచవలసిన అవసరమే పోయింది. చేనికి తీగ కంచె వచ్చింది. 1940లో వచ్చిన మద్రాసు పశు అభివృద్ధి చట్టం విత్తనపు కోడెకు లైసెన్సు ఉండాలంది, లేనిదాన్ని విత్తులు కొట్టించాలంది. కృత్రిమ గర్భధారణ 1939లోనే మైసూరు రాజావారి పాడిక్షేత్రంలో మన దేశంలో అడుగుపెట్టి, మెల్లమెల్లగా ఊళ్ళకు చేరింది. ఉమ్మడి రాష్ట్రంలో గోపాలమిత్రలు ఇంటి ముంగిటికే వచ్చి సూది వేశారు. ఊరికి వదిలిన ఆబోతుకు తినడానికి చేను లేదు, తిరగడానికి దారి లేదు, అసలు పనే లేకుండా పోయింది. మిగిలినవి ఎవరో ఒకరు సొంతానికి కట్టేసుకున్న గిత్తలు మాత్రమే. వాటికి మేత వేసేది ఊరు కాదు, యజమాని.

మామయ్యకు అలాంటి గిత్త ఒకటి ఉంది. తెల్లగా, మూపురం మీద బూడిద రంగుతో, నేలకు తగిలేలా గంగడోలుతో చూడముచ్చటగా ఉంటుంది. బండ లాగుడు పోటీలకు అని కొన్నారుగానీ, దానికి ఆ పోటీల మీద ఆసక్తి లేదని రెండేళ్ళలో తేలిపోయింది. ఉలవలు, తవుడు, పత్తిగింజల చెక్క, చొప్ప, వేసవిలో కొని వేసే పచ్చిమేత... ఖర్చు మాత్రం తగ్గలేదు. చుట్టుపక్కల ఊళ్ళవారు ఆవుల్ని తోలుకొస్తుంటే మొదట్లో ఊరికే దాటించి పంపారు. తరువాత దాటుకు ఇంత అని బాడుగ పెట్టారు. మొన్నటి తగువు అక్కడే వచ్చింది. వరసకు కొడుకయ్యే ఒక కుర్రవాడు బాడుగ ఇచ్చి ఆవును దాటించుకుపోయాడు. సరిగ్గా 21 రోజులకు ఆవు మళ్ళీ ఎదకు వచ్చింది.

"పెదనాన్నా, ఆవు నిలవలా. డబ్బులు వెనక్కియ్యి."

"నీకు నేను దూడను అమ్మానంట్రా?"

"దూడ కోసం కాకపోతే నీ గిత్తకు సరదా తీర్చడానికి తోలుకొచ్చానా?"

అరుగు మీద ఉన్నవారంతా నవ్వారు. మామయ్య నవ్వలేదు. నాకు మాత్రం ఇద్దరి ప్రశ్నలూ సరైనవే అనిపించాయి. బాడుగ దేనికి ఇచ్చినట్టు? దూడకైతే దూడ రాలేదు. వీర్యానికైతే అది నిలిచేదో లేదో ఎవరూ చూడలేదు. దాటుకే అయితే దాటు జరిగింది, కానీ దాటు ఒక్కటే ఎవరికి కావాలి?

ఈ చిక్కును ఎంతో కాలం క్రితమే నిక్కచ్చిగా పట్టుకున్నవారు అరబ్బులు. పోతును దాటించినందుకు వెల పుచ్చుకోవడాన్ని ప్రవక్త నిషేధించారని బుఖారీ హదీసు సంకలనంలో, కిరాయిల గురించిన భాగంలోనే ఉంది. ఆ ఎడారివాసుల సంపదంతా ఒంటెలు, గుర్రాలు, గొర్రెలే. అలాంటి సమాజంలో ఈ నిషేధం చిన్న మాట కాదు. తరువాతి ధర్మవేత్తలు దీనికి చెప్పిన కారణం మా కుర్రవాడి వాదనకు చాలా దగ్గరగా ఉంటుంది: అమ్మేది ఎంతో, ఉందో లేదో తెలియదు, కొన్నవాడి చేతికి అప్పగించే శక్తి అమ్మినవాడికి లేదు, పోతు దాటుతుందో లేదో, దాటితే నిలుస్తుందో లేదో ఎవరి చేతిలోనూ లేదు. అలాంటి అనిశ్చయానికి వెల కట్టరాదు. హనఫీ, షాఫియీ, హంబలీ పండితుల్లో ఎక్కువమంది ఇలాగే అన్నారు. మాలికీలు మాత్రం ఒక సందు తెరిచారు. ఇన్ని దాట్లకని, లేదా ఇన్ని రోజులకని ముందే స్పష్టంగా చెప్పుకుంటే అది పోతును కిరాయికి తీసుకోవడమే అవుతుంది, తప్పు లేదు అన్నారు. తిర్మిజీ సంకలనంలో మరో ముచ్చట ఉంది. మేము పోతును అడిగినవారికి ఇస్తాము, వారు తమంతట తాము ఏదో కానుక ఇస్తారు, అది తీసుకోవచ్చా అని ఒకాయన అడిగితే, కానుకకు అనుమతి దొరికింది.

ఇది చదివినప్పుడు నాకు మన ఊళ్ళే గుర్తుకొచ్చాయి. ఊరికే దాటించినా ఆవు ఈనిన తరువాత జున్నుపాలు పంపడం, ఒక మోపు చొప్ప వేసిపోవడం మనకు తెలియని మర్యాదలు కావు. ఎక్కడో ఎడారిలోనూ ఇక్కడ గుండ్లకమ్మ ఒడ్డునా మనిషి ఒకే చోట తడబడ్డాడు, ఒకే ఉపాయం ఆలోచించాడు. బీజానికి వెల కట్టడానికి మనసు రాలేదు, అలాగని కోడెను పోషించేవాడి చేతులు ఖాళీగా వదలడానికీ మనసు రాలేదు.

కానీ కానుక మీద గిత్త బతకదు. నా అభిప్రాయం ఇక్కడ సూటిగా చెబుతాను. ఆబోతుకు బాడుగ పుచ్చుకోవడం నీచమైన పని కాదు. పుచ్చుకోకపోతే ఊళ్ళల్లో ఆబోతు అన్నదే ఉండదు. అయితే దాటుకు ఇంత అని పుచ్చుకోవడం తప్పు, దూడకు ఇంత అని పుచ్చుకోవడం మరింత తప్పు. పుచ్చుకోవలసింది పోషణకు. దానికి లెక్క ఉంది. గిత్తకు రోజుకు 300 రూపాయల మేత, దాణా అనుకుందాం, ఏడాదికి 1,09,500 రూపాయలు అవుతుంది. మనిషి చాకిరీ, మందుల ఖర్చు పక్కన పెట్టండి. ఒక ఆబోతు తన ఆరోగ్యం చెడకుండా ఏడాదిలో 50, 60 ఆవులకు సరిపోతుంది. 60 ఆవులు అనుకున్నా ఆవుకు 1,800 రూపాయల పైమాటే. ఈ మొత్తాన్ని 60 ఆవులవాళ్ళు ఏడాది మొదట్లోనే వాటాలుగా వేసుకుంటే, ఆవు ఒక్కసారికి నిలిచినా మూడోసారికి నిలిచినా తగువు లేదు. దూడ వచ్చినా రాకున్నా తగువు లేదు. డబ్బు ఇవ్వలేనివాళ్ళు చొప్ప ఇవ్వవచ్చు, వారానికి ఒక రోజు చాకిరీ ఇవ్వవచ్చు. పాత ఊరు చేసినది ఇదే. అప్పుడు చేను ఇచ్చింది, ఇప్పుడు వాటా ఇవ్వాలి. కాకపోతే ఈసారి ఆవు లేనివాడి అరెకరం మీద ఆ భారం పడదు.

దీనికి ఎదురువాదన నాకు తెలుసు. సర్కారీ సూదికి నామమాత్రపు రుసుము, గిత్తకు 1,800 రూపాయలా? పైగా సూదిలో వచ్చేది ఎక్కడో పరీక్షలకు నిలిచిన, తల్లి పాల లెక్క తెలిసిన ఆబోతు వీర్యం. ఈ వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. ఒక్కసారి సేకరించిన వీర్యం నుంచి కొన్ని వందల నాళికలు తయారవుతాయి. పావు మిల్లీలీటరు నాళికను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఏళ్ళ తరబడి దాచవచ్చు. చనిపోయిన ఆబోతుకు దూడలు పుడుతున్నాయి. హర్యానాలో యువరాజ్ అనే ముర్రా దున్నకు పత్రికలు కోట్లలో వెల కట్టాయి. యజమాని దాన్ని అమ్మలేదు, నాళికలు అమ్ముకుంటూ సంపాదించాడు. అది కూడా ఆబోతు బాడుగే కదా. ఆబోతు కంటికి కనబడదు కాబట్టి ఎవరూ ఛీ అనరు!

రోగాల విషయంలో కూడా సూదిదే పైచేయి. ట్రైకోమోనియాసిస్, విబ్రియోసిస్ వంటివి ఆబోతులో పైకి కనబడవు. అది ఒక ఆవు దగ్గర అంటించుకొని, ఊళ్ళో ఆవులన్నింటికీ పంచిపెడుతుంది. ఆవులు నిలవకుండా తిరిగి తిరిగి ఎదకు వస్తాయి, లేదా ఈసుకుపోతాయి. ఊరికొక ఆబోతు అన్న మాట తీయగానే ఉంటుందిగానీ, పరీక్ష చేయించని ఆబోతు ఊరికి చేటు. ఇంకొక మేలు కూడా చెప్పాలి, దీన్ని మగవాళ్ళు గమనించరు. ఆవులను సాకేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఆవు ఎదకు వచ్చిందని పరాయి మగవాడి గుమ్మం ముందు నిలబడి అడగడానికి, ఆవును పలుపు పట్టుకొని ఊరి మధ్యగా తోలుకుపోవడానికి, అరుగుల మీది వెకిలి నవ్వులు భరించడానికి మా అత్తయ్య తరం ఎంత చితికిపోయిందో నాకు తెలుసు. ఫోను చేస్తే సూది పట్టుకొని మనిషే ఇంటికి రావడం వారికి పెద్ద విడుదల.

ఇన్ని ఒప్పుకున్నాక కూడా ఆబోతు ఉండాలనే అంటున్నాను. మొదటి కారణం చాలా మామూలుది. సూది వేయాలంటే ముందు ఆవు ఎదలో ఉందని మనిషి కనిపెట్టాలి. ఒంగోలు ఆవు ఎద కొద్ది గంటలదే, చాలాసార్లు రాత్రిపూట వచ్చి పోతుంది. గేదె సంగతి అంతకన్నా కష్టం, వేసవిలో అరవదు, తీగ వేయదు, మూగ ఎదతో మూడు వారాలు దాటించేస్తుంది. మనిషి కన్ను దాటిపోయినది ఆబోతు ముక్కును దాటిపోదు. మన పల్లెల్లో సూదికి ఆవులు నిలిచేది సుమారుగా మూడింట ఒకటి. తప్పు వీర్యానిదే అనలేము, చాలావరకు వేళ తప్పడమే. వేళ తప్పిన ప్రతిసారీ 21 రోజుల పాలు, 21 రోజుల మేత నష్టం. నామమాత్రపు రుసుము పక్కన ఈ అంకెను కూడా రాసి చూడాలి.

రెండో కారణం జాతికి సంబంధించినది. నాళికలతో పని జరిగితే దేశానికి కొద్ది ఆబోతులు చాలు. కొద్ది ఆబోతులు చాలినప్పుడు మిగిలిన కోడెదూడలను ఎవరూ పెంచరు. పెంచకపోతే వాటిలో ఏది మేలైనదో చూసే కన్ను కూడా ఉండదు. చింతలదేవి, చదలవాడ, లాం వంటి క్షేత్రాలు ఒంగోలు జాతిని నిలబెడుతున్నాయి, ఆ కృషికి దండం పెట్టాల్సిందే. కానీ ఈ జాతి క్షేత్రాల్లో పుట్టలేదు. ఒకే పోలికతోనే వేల గొడ్ల సావిళ్ళలో వేరువేరుగా పెరిగింది. ఒక ఊరివాడు నడక చూశాడు, ఒక ఊరివాడు పాలు చూశాడు, ఇంకొకడు ఎండకు తట్టుకోవడం చూశాడు. ఆ తేడాలే జాతికి మూలధనం. నేడు గిత్తలను కూడబెట్టి పెంచుతున్నవారు బండ లాగుడు పోటీలవారే ఎక్కువ. వారి ముచ్చట వల్ల కొన్ని మంచి గిత్తలు బతికి ఉన్న మాట నిజం, అందుకు సంతోషమే. అయితే బండను లాగే గిత్త పెయ్యదూడకు ఎన్ని పాలు వస్తాయో పోటీలో తేలదు.

బ్రెజిల్‌ను చూడండి. అక్కడివారు నెలోర్ అని పిలిచేది మన నెల్లూరు పేరునే. 1960ల మొదట్లో ఇక్కడి నుంచి వెళ్ళిన గిత్తల్లో ఒకదానికి ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే నిలిచిపోయింది. అక్కడి వంశావళి పుస్తకాల్లో కర్వాది అన్నది గొప్ప ఇంటిపేరు లాంటిది. 2023లో అదే జాతికి చెందిన వియాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటాను వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. మనవాళ్ళు ఈ వార్తను పంచుకొని గర్వపడ్డారు. నాకు గర్వం కన్నా కుతూహలం ఎక్కువ కలిగింది. వాళ్ళు ఏం చేశారు? పుస్తకం రాశారు. ఏ గిత్తకు ఏ ఆవు, ఏ దూడ, ఎంత బరువు, అన్నీ రాసిపెట్టారు. మన ఊరి ఆ నలుగురి కళ్ళలో ఉన్నదంతా వారితోపాటే కట్టెల మీదికి చేరింది.

అందుకే, బాడుగ పుచ్చుకొనేవాడికి కొన్ని బాధ్యతలు ఉండాలంటాను. గిత్తకు ఏటా రక్తపరీక్ష చేయించాలి, బ్రూసెల్లోసిస్ లేదని కాగితం చూపించాలి. అది పాలద్వారా మనుషులకూ వచ్చే రోగం. తెచ్చిన ఆవు అంతకుముందు ఈసుకుపోయినదేమో అడగాలి, అయితే మొహమాటపడకుండా వెనక్కి పంపాలి. ఆశకొద్దీ రోజుకు నాలుగు ఆవులను దాటించరాదు. అన్నింటికన్నా ముఖ్యం, ఒక నోటుపుస్తకం పెట్టాలి. తేదీ, ఆవు ఎవరిది, ఎన్నో ఈత, నిలిచిందా, ఏ దూడ పుట్టింది. ఈ పుస్తకం లేని బాడుగకు నేను ఒక్క రూపాయి కూడా ఇవ్వను. పుస్తకం ఉంటే 1,800 రూపాయలు నాకు ఎక్కువగా తోచదు.

మామయ్యతో ఈ మాటలన్నీ అన్నాను. వాటాల పద్ధతి ఆయనకు నచ్చింది, పుస్తకం నచ్చలేదు. "నాకు గుర్తుంటాయిలేరా" అన్నారు. ఆ గిత్త అక్కడికి వచ్చి మూడేళ్ళు కావస్తోంది. దాని మొదటి ఏటి పెయ్యదూడలు ఇంక కొద్ది రోజుల్లో ఎదకు వస్తాయి. వాటినీ ఇదే గిత్త దగ్గరకు తోలుకొస్తారు, ఏది ఎవరి కూతురో రాసిన కాగితం లేదు కాబట్టి. నేను ఈ మాట అన్నాక ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, అద్దంకి వైపు ఒక ఊళ్ళో ఇలాంటి గిత్తే ఉందని, దాన్ని ఇక్కడికి, దీన్ని అక్కడికి మార్చుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. గిత్తకు గిత్త, మధ్యన డబ్బు లేదు. మనువుకూ మాలికీలకూ కూడా ఇందులో అభ్యంతరం ఉండదనుకుంటాను. చిక్కల్లా ఒక్కటే. అక్కడి ఆసామి తన గిత్త ఇక్కడిదానికన్నా రెండు వేళ్ళు ఎత్తు ఎక్కువంటున్నాడు, ఆ రెండు వేళ్ళకు ఎంత అని బేరం ఇంకా నడుస్తోంది.